శంకరమ్మకు ఏం కావాలి

ఎదురుగా కూర్చున్న ఆమెకు ఏం కావాలో వికారాబాద్ వచ్చేలోపు కనిపెట్టాలి. అడగకూడదు. మాట కలిపి రాబట్టకూడదు. చూసి మాత్రమే తెలుసుకోవాలి. తాండూరులో రైలు కదిలినప్పటి నుంచి నిరోషా చేస్తున్న పని అదే. ఇంతవరకు తెలిసిందల్లా ఆమె ముక్కుపుడక కొత్తదని, మట్టెలు పాతవని, ఒళ్లోని సంచిని రెండు చేతులా పట్టుకుందని, పక్కన కూర్చున్న తెల్లచొక్కా ఆయన ఆమె భర్త అని. భర్త అని ఎట్లా తెలిసిందంటే, ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు, ఆమె ఊకొట్టడం లేదు. ఆయన నోట్లో నువ్వుగింజ నానేలా లేదు. మార్కెట్లో కందుల ధర పడిపోయిన సంగతి, తమ్ముడు బండి అమ్ముకున్న సంగతి, కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ము పత్తి మీద కూడా పడుతున్న సంగతి, ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి. ఆమె ఒకసారి కిటికీ వైపు చూసింది. కిటికీ కావాలేమో అనుకుని నిరోషా కొంచెం జరిగింది. ఆమె కదల్లేదు. అయితే కిటికీ కాదు. వెనక సీట్లో ఎవరో కన్నడంలో ఫోన్ మాట్లాడుతున్నారు, ఆ గొంతులో మాత్రం ఏం కావాలో భాష రాకపోయినా తెలిసిపోతోంది, ఎవరో వస్తానని రాలేదు, వాళ్లు రావాలి. కళ్లతో చూస్తే తెలియనిది చెవులతో వింటే తెలుస్తోంది. ఇది మేడంకు చెప్పాలనుకుంది నిరోషా. వెంటనే, అడిగింది అది కాదు కదా అనుకుని మళ్లీ సంచి మీద పడింది ఆమె చూపు.

మేడం అంటే మనోరమ మేడం. హైదరాబాదులో పియానో నేర్పీ నేర్పీ, ఆ పొగలో ఊపిరాడక, అనంతగిరి గాలి కోసం వికారాబాద్ వచ్చి ఇల్లు కట్టుకున్నావిడ. గాలి పీల్చుకుని ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. ఒక ఒపెరా రాశారు. ఒపెరా అంటే ఏంటని తాండూరు బడిలో పిల్లలు అడిగితే, నాటకమే కానీ ఒక్క మాట కూడా మామూలుగా మాట్లాడరు, కోపమొచ్చినా పాటే, అన్నానికి పిలిచినా పాటే అని చెప్పింది నిరోషా, ఆ బడిలో ఆమె సంగీతం టీచర్. అయితే తిట్టుకున్నా పాటేనా టీచర్ అని అడిగి పిల్లలు పడీ పడీ నవ్వారు. మేడం రాసిన ఒపెరాలో తిట్లు లేవు. మొగుడు ఇల్లు విడిచి వెళ్లిపోయి, ఏళ్లు గడిచాక ఒక ఎండపూట తిరిగొస్తాడు. శంకరమ్మ గడపలో నిలబడి చెంబుతో నీళ్లిస్తుంది. అతను తాగుతాడు. ఆమె పాడుతుంది. అంతే, గంటసేపు అదే. నీళ్లు తాగు, చెంబు నిండ ఉన్నయి, ఎండ తగ్గనీ, అటెన్క పో. ఈ ఆఖరి పో అనే మాట మీద గొంతు పైకి, ఇంకా పైకి పోయి అక్కడ నిలబడాలి. చుట్టుపక్కల నాలుగు మండలాల్లో అంత పైకి పోయి నిలబడగల గొంతు నిరోషాదేనని మేడమే అన్నారు, వేషం ఆమెకే ఇచ్చారు. ఇచ్చినావిడే పోయిన వారం పియానో మూత వేసి, శంకరమ్మకు ఏం కావాలి నిరోషా అని అడిగారు. క్షమించాలని ఉంది మేడం అంది నిరోషా. మేడం కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నువ్వు ఇంకా చర్చిలోనే ఉన్నావమ్మా. జర ఈ ఇంట్లోకి రా" అన్నారు. వచ్చే శనివారం లోపు రాకపోతే శంకరమ్మ వేషం సింధుజకు పోతుంది, నువ్వు వెనక గుంపులో నిలబడి పాడుదువు గాని అని కూడా అన్నారు. అందాక రైల్లో ఎదుటివాళ్లకు ఏం కావాలో అడక్కుండా, చూసి కనిపెట్టమని పనొకటి పెట్టారు. ఆ శనివారం ఇదే. ఈ రైలు దిగి, ఆటో ఎక్కి, ఆ గేటు తీసే సరికి ఏదో ఒకటి తెలిసి ఉండాలి.

ఇందులో నిరోషాకు మింగుడుపడని సంగతి ఒకటుంది, అది సింధుజ గురించి కాదు. శంకరమ్మ కథ విన్న రోజే ఆమె అనుకుంది, ఇది మా ఇంటి కథ కదా అని. వాళ్ల నాయిన హన్మయ్య బండల క్వారీలో పనిచేస్తూ చేస్తూ ఒకనాడు బొంబాయి పోతున్నానని కూడా చెప్పకుండా బొంబాయి పోయాడు. తాత పెట్టిన పేరు బాప్తిస్మం తర్వాత కూడా మార్చుకోని మనిషి, ఊరు మాత్రం మార్చేశాడు. అమ్మ భాగమ్మ పాలిషింగ్ యూనిట్‌లో తడి బండలు మోసి ఇల్లు నడిపింది. నిరోషా ఇంటర్ చదివే రోజుల్లో ఒక శనివారం సాయంత్రం గడపలో ఎవరో నిలబడ్డారు, గడ్డం తెల్లబడింది, చెప్పులు చేతిలో పట్టుకున్నాడు. అమ్మ చూసింది. లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. ఆయన తాగాడు. ఒక్క మాట లేదు. తెల్లవారి ఆదివారం ఆరాధనలో ఆయన నిలబడి సాక్ష్యం చెప్పాడు, తప్పిపోయినవాణ్ని ప్రభువు తోలుకొచ్చిండని. పాస్టరు అయ్యగారు అమ్మను లేవమన్నారు. అమ్మ లేచి, చేతులు జోడించి, కళ్లు మూసుకుని, క్షమించిన అంది. హల్లెలూయ అని చర్చి కప్పు లేచిపోయింది. నిరోషా ఏడ్చింది. క్షమించడం అంటే ఎట్లా ఉంటుందో ఆ రోజు తన కళ్లతో చూసింది. అందుకే శంకరమ్మను చేయడానికి తడుముకోలేదు, అమ్మను తెచ్చి అక్కడ నిలబెట్టింది. అవే జోడించిన చేతులు, అవే మూసిన కళ్లు, పెదాల చివర అదే మెత్తదనం. మేడం చూసి అన్న మాట, అక్కడ ఎవరూ లేరమ్మా, ఖాళీగా ఉంది. ఎట్లా ఖాళీ? కళ్లారా చూసింది చూసినట్టు చేస్తే ఎట్లా ఖాళీ అవుతుంది? మేడమైనా పొరపాటు పడి ఉండాలి, లేదా తను చూసింది తను చూశాననుకున్నదైనా కాకపోయి ఉండాలి. ఈ రెండో మాట వారం రోజులుగా పంటిలో ఇరుక్కున్న పీచులా ఆమెను వదలడం లేదు.

తెల్లచొక్కా ఆయన ఇప్పుడు ఆసుపత్రి మాట ఎత్తాడు. వికారాబాద్‌లో ఎవరో చుట్టాన్ని చేర్పించారట. సంచిలో ఉన్నది అయితే అన్నం గిన్నె అయి ఉంటుంది. ఆమెకు ఆ చుట్టం బతకాలని ఉండొచ్చు. లేదా ఈ పరామర్శలన్నీ తొందరగా ముగించుకుని మాపటి బండికి ఇల్లు చేరాలని ఉండొచ్చు. మనిషి ముఖం చూసి ఏం చెప్పగలం? మేడం మాత్రం ముఖం చూడొద్దంటారు. చేతులు చూడు, ఊపిరి చూడు, ముఖం అబద్ధమాడటం నేర్చుకుంటుంది, ఊపిరికి అంత తీరిక ఉండదు అంటారు. పాడేవాళ్లు ఊపిరిని పాట కోసం తీసుకుంటారు, అది తప్పు, ఊపిరి ఆలోచనతో పాటు లోపలికి రావాలి, ముందు మనిషికి ఒక మాట తట్టాలి, ఆ తట్టడంలోనే గాలి లోపలికి పోవాలి, అప్పుడు రాగం దానంతటదే వస్తుంది. మొదట వినగానే నిరోషాకు నవ్వొచ్చింది. ఇంటర్ రోజుల నుంచీ చర్చి క్వైర్‌లో డోలక్ దెబ్బ విని గాలి పీల్చిన మనిషి ఆమె. పీల్చు అంటే పీల్చడం, పాడు అంటే పాడటం, మధ్యలో ఆలోచన ఎక్కడిది? పాట మధ్యలో ఒకచోట పియానో ఒక్కటే మోగుతుంది, శంకరమ్మ ఏమీ పాడదు, మొగుడు తాగుతుంటే చూస్తూ నిలబడాలి. నిరోషా అక్కడ లోపల్లోపల తాళం లెక్కపెట్టుకుంటుంది. "నీ లెక్క నాకు కనిపిస్తుంది తల్లీ, బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడ్డవ్" అన్నారు మేడం. చెంబు చేతికిస్తే ఆ చెంబును ప్రభు భోజనం బల్ల దగ్గర అయ్యగారు పాత్ర ఎత్తినట్టు ఎత్తింది. రాగం తీసేసి మాటలు మాత్రం చెప్పమంటే బైబిలు వాక్యం చదివినట్టు చదివింది. ఇక ఆఖరి పో సంగతి చెప్పనక్కర్లేదు. ఎంత తియ్యగా, ఎంత నిండుగా, ఎంతసేపు నిలబెట్టిందో, ఆమెన్ అన్నట్టే ఉంది. మొగుడి వేషం కట్టిన పరశురాం, కాలేజీలో లెక్చరర్, వెళ్లిపోవాల్సినవాడు అక్కడే నిలబడి వింటూ ఉండిపోయాడు. అందరూ నవ్వారు. నిరోషా కూడా నవ్వింది, ఇంటికొచ్చి బాత్రూంలో నీళ్లు వదిలి ఏడ్చింది.

సింధుజ గొంతు ఆ పైకి పోలేదు. పో దగ్గర కొంచెం విరుగుతుంది కూడా. కుల్కచర్ల పిల్ల, వాళ్లకు గొర్లున్నాయి, బీఈడీ చదువుతూ సెలవుల్లో వాటి వెంట పోతుంది. కానీ ఆ పిల్ల నీళ్లు తాగు అనగానే పరశురాం సారు నిజంగా చెంబు నోటికెత్తాడు, అసలు అందులో నీళ్లే లేవు. అదెట్లా వచ్చిందే నీకు అని అడిగితే, "ఏమో అక్కా, గొర్లకాడ అలవాటు. నేను పిలిస్తే అది తిరగాలె. తిరగకపోతె మల్లొక తీరు పిలుస్త, తిరిగెదాంక పిలుస్త" అంది. నిరోషా ఆ మాటను చాలా రోజులు నమిలింది. తను పాడేదంతా ఎవరి కోసం పాడింది? దేవుడి కోసం. ఆయన ముందే వింటూ ఉంటాడు, పిలిచి తిప్పుకోవాల్సిన పని లేదు. నువ్వు మెత్తగా పాడినా వింటాడు, తప్పు పాడినా వింటాడు, పాడకముందే వింటాడు. గొర్రె వినదు. మొగుడూ వినడు. వినని మనిషికి పాడటమే ఒపెరా అయితే తనకు ఆ విద్య పునాది కాడి నుంచే లేదు. ఇది కష్టంగా అనిపించలేదు, విచిత్రంగా అనిపించింది. ఇన్నేళ్లు పాడి, ఒక్క మనిషి వైపు తిరిగి పాడలేదన్నమాట. పెళ్లిపాటలు పాడినప్పుడు కూడా పెళ్లికూతుర్ని చూడలేదు. కళ్లు మూసుకునే పాడింది. మూసుకోకపోతే పాట రాదు ఆమెకు. మేడం ఒకసారి కళ్లు తెరువు అంటే తెరిచింది, చరణమే మరిచిపోయింది.

ధారూర్‌లో రైలు ఆగింది. పల్లీలమ్మే ఆయన ఎక్కాడు. తెల్లచొక్కా ఆయన రెండు పొట్లాలు కొని ఒకటి భార్యకిచ్చాడు. ఆమె తీసుకుంది, విప్పలేదు, సంచి మీద పెట్టుకుంది. అదిగో, పల్లీలు అక్కర్లేదు. కిటికీ అక్కర్లేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఈమె అడగకుండానే పెట్టినవి కూడా తినడం లేదు. అయితే ఆమెకు కావలసింది ఈ పెట్టెలో లేదేమో. నిరోషాకు ఆట రక్తి కట్టింది, ముందుకు వంగి చూస్తున్నానని కూడా మరిచిపోయింది. బయట కంది చేన్లు పూతకొచ్చి పచ్చగా వెనక్కి పోతున్నాయి, ఎర్రమట్టి మీద ఎవరో పైపులు పరిచారు, పొద్దు ఇంకా చురుక్కుమనలేదు. ఆయన ఇప్పుడు పల్లీలు నములుతూ, ఆసుపత్రిలో ఎవరితో ఏం మాట్లాడాలో ఆమెకు నేర్పుతున్నాడు. నువ్వు ఎక్కువ మాట్లాడకు, నేను చెప్త, నువ్వు తలూపు చాలు అంటున్నాడు. అప్పుడు ఆమె కళ్లు మూసుకుంది.

నిద్ర కాదు. నిద్రయితే చేతులు వదులవుతాయి. ఆమె వేళ్లు సంచి అంచున తెగిన దారాన్ని పట్టుకుని చుడుతున్నాయి, విప్పుతున్నాయి, మళ్లీ చుడుతున్నాయి. రెప్పల కింద గుడ్లు కదులుతున్నాయి. ముఖంలో మాత్రం ఎంత శాంతమని, చూసినవాళ్లు ఎవరైనా పాపం అలిసిపోయింది అనుకుంటారు, భక్తురాలయితే ప్రార్థన చేసుకుంటోంది అనుకుంటారు. పెదాల చివర మెత్తగా కూడా ఉంది. ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. ఆమె తలుపు వేసుకుంది. వేసుకుని లోపల మెలకువగా కూర్చుంది. నిరోషా ఆ పెదాల చివరలనే చూస్తూ ఉండిపోయింది. ఎక్కడో చూసింది ఈ ముఖం. ఎక్కడో కాదు, ప్రతి ఆదివారం పక్కనే నిలబడి చూస్తోంది.

అమ్మ మొదటి నుంచీ అట్లా పాడేది కాదు. ఇది ఇన్నాళ్లూ గుర్తుకు రాకపోవడమే వింత. నిరోషా చిన్నపిల్లగా ముందు వరుసలో చాప మీద కూర్చున్న రోజుల్లో అమ్మ కళ్లు ఎంత పెద్దవిగా ఉండేవో. పాడుతూనే అందరినీ చూసేది. ఆలస్యంగా వచ్చినవాళ్లను కీర్తన ఆపకుండానే కళ్లతో తిట్టేది, చరణం మధ్యలో పిల్లల జుట్టు రేగిందని సైగ చేసేది, ఎవరింట్లో చావు జరిగిందో వాళ్ల వైపు తిరిగి రెండో చరణం పాడేది. పాడితే భాగమ్మ పాడాలె, మన తోని మాట్లాడినట్టే ఉంటది అనేవాళ్లు. ఆ భాగమ్మ కళ్లు మూసుకున్నది ఎప్పటి నుంచి? సాక్ష్యం చెప్పిన ఆదివారం నుంచి. ఆ తర్వాతే నిరోషా క్వైర్‌లో చేరింది, అమ్మ పక్కన నిలబడింది, అమ్మ ఎట్లా చేస్తే అట్లా చేసింది. మగవాళ్ల వైపు మొదటి వరుస క్వైర్‌కు సరిగ్గా ఎదురుగా ఉంటుంది. తిరిగొచ్చిన నాటి నుంచి నాయిన కూర్చునేది ఆ వరుసలోనే. కళ్లు తెరిస్తే ఆయనే. భాగమ్మకు ఇప్పుడు ఆత్మలో పాడే వరమొచ్చింది అని అయ్యగారు మెచ్చుకున్నారు. మిగతా ఆడపిల్లలూ నేర్చుకున్నారు. ఇప్పుడు ఆ చర్చి క్వైర్ మొత్తం కళ్లు మూసుకునే పాడుతుంది. ఒక్క మనిషి తన మొగుణ్ని చూడలేక మూసుకున్న కళ్లు ఊరందరికీ భక్తి అయి కూర్చున్నాయి. నిరోషాకు ఒళ్లు జలదరించింది. నవ్వు కూడా వచ్చింది, ఆపుకుంది. మేడం పొరపాటు పడలేదు. అమ్మ కూడా అబద్ధం ఆడలేదు. తనే తలుపును చూసి ఇల్లనుకుంది.

మరి తలుపు వెనక ఏముంది? ఏం కావాలి అమ్మకు? పొమ్మనాలని ఉందా? అట్లయితే ఆ రోజే అని ఉండేది, బండలు మోసిన చేతులు అవి, ఎవరికీ జంకదు. ఉండమనాలని ఉందా? ఉండనే ఉన్నాడు, తింటున్నాడు, నల్లా దగ్గర డ్రమ్ములు నింపుతాడు, కోపమే ఎరగడు. ఇద్దరి మధ్య ఒక్క గట్టి మాట లేదు. వీళ్లను చూసి నేర్చుకోవాలంటారు ఇరుగుపొరుగు వాళ్లు. అంత చల్లగా ఉండే ఇంట్లో పెరిగి, ఆ చల్లదనం ఎక్కడి నుంచి వస్తోందని ఒక్కసారి కూడా ఆరా తీయలేదు తను, పక్కింటి సంగతులన్నీ కావాలి తనకు. రైలు నెమ్మదించింది. కొండల పచ్చదనం కనబడుతుండగా, వికారాబాద్ ఇంకా రాకముందే, సిగ్నల్ లేక ఆగిపోయింది. తెల్లచొక్కా ఆయన కూడా ఆగాడు, తల బయటపెట్టి చూడటానికి లేచి తలుపు దగ్గరికి పోయాడు. ఆమె కళ్లు తెరిచింది. నిరోషాను చూసింది. ఇంతసేపూ నన్నే చూస్తున్నావు కదా అన్నట్టు చూసింది, కోపంగా కాదు. నిరోషా సిగ్గుపడి ఫోన్ తీసింది. తీశాక ఏం చేయాలో వేళ్లకు ముందే తెలిసినట్టుంది, అమ్మ నంబరు నొక్కింది.

"చేరినవా?" అంది అమ్మ. వెనక చేట చప్పుడు, కందిపప్పు చెరుగుతోంది.

"లేదు, బండి ఆగింది. అమ్మా, ఒకటడుగుత. నాయిన తిరిగొచ్చిన నాడు, నువ్వు నీళ్లిచ్చినవ్ గదా. అప్పుడు నీకేం కావాల్ననిపించింది?"

చేట ఆగింది. "గిప్పుడెందుకు గది?"

"పాటకు కావాలె" అంది నిరోషా. అది అబద్ధం కాదు, మొత్తం నిజమూ కాదు. "క్షమించాల్ననిపించిందా?"

ఎదురుగా ఆమె పల్లీల పొట్లం విప్పుతోంది, కాగితం చప్పుడు చేయకుండా మెల్లగా. "క్షమించుడు తెల్లారి సంగతి" అంది అమ్మ. "అయ్యగారు అడిగె, నిలబడి చెప్పిన. ముందటి నాడు గదేం లేదు. ఎందుకు పోయినవ్ అని అడుగుదామనుకున్న. గంతే. నీళ్లు తాగినంక అడుగుదామని చెంబిచ్చిన. తాగి చెంబు కింద పెట్టెలోపు ఇంటి నిండ మంది వచ్చిరి. తెల్లారి సాక్ష్యమాయె. క్షమించిన అన్నంక ఇగ ఏం అడుగుతం బిడ్డా? అడిగితె క్షమించనట్టే గదా."

ఇన్నేళ్లు. అన్నం పెడుతూ, బట్టలు ఉతుకుతూ, ఇంట్లో ప్రార్థనకు పక్కనే కూర్చుని కీర్తనల పుస్తకం పంచుకుంటూ, ఒక్క ప్రశ్న నోటి దాకా వచ్చి వెనక్కి పోతూ ఉంది. చర్చి అంతా కలిసి హల్లెలూయ అని దాని మీద బండ పరిచింది. శంకరమ్మకు అతను పోవడం అక్కర్లేదు, ఉండటం అక్కర్లేదు. నీళ్లు తాగు, ఎండ తగ్గనీ, పో, ఇవన్నీ ఆమె అడగని మాట చుట్టూ తిరిగే మాటలు. ఆ పియానో మోగేచోట ఆమె లెక్కపెట్టేది తాళం కాదు, అతను గుటకలు వేస్తున్నాడు, ఆఖరి గుటక అయ్యాక అడగాలి, అతను చెంబు దించకముందే అడగాలి, ఇదిగో దించుతున్నాడు. ఊపిరి దానంతటదే లోపలికి పోయింది. ఇది మేడంకు చెప్పాలి, వేషం ఉన్నా పోయినా చెప్పాలి అనుకుంది. అంతలోనే, అమ్మ అటు ఫోన్‌లో ఉండగా తను ఇక్కడ వేషం గురించి ఆలోచిస్తున్నందుకు చిన్నతనంగా అనిపించింది.

"నాయిన ఏడున్నడు?" అంది.

"బయట. డ్రమ్ము కడుగుతుండు."

"ఇప్పుడడగరాదు అమ్మా?"

ఫోన్ ఎక్కడో పెట్టిన చప్పుడయింది, గింజల మీద పెట్టిందేమో, గరగరమంది. పెట్టేయలేదు. అడుగుల చప్పుడు. నల్లా కట్టేసిన చప్పుడు. నిరోషా ఫోన్‌ను చెవికి అదుముకుంది. ఏమయ్యా అని అమ్మ పిలిచింది. ఆ గొంతు నిరోషా చిన్నప్పటి గొంతు, రెండో చరణం మనుషుల వైపు తిరిగి పాడిన గొంతు. తర్వాత అమ్మ అడిగింది. మాటలు సరిగా వినపడలేదు, అడగడం మాత్రం వినపడింది. డ్రమ్ము దొర్లిన చప్పుడు వచ్చింది. ఆ తర్వాత చాలా మెల్లగా నాయిన గొంతు, మొదటి రెండు మాటలు మాత్రమే, అవి కూడా భాగమ్మా, కూసో అనే మాటలు. నిరోషా ఊపిరి బిగబట్టింది. ఎందుకు పోయాడో తనకూ తెలియదు. తనూ అడగలేదు. రోజూ బడి సంగతులు చెప్పింది, షర్టులు కొనిచ్చింది, పుట్టినరోజుకు కేకు తెచ్చింది, అడగలేదు. తన వల్ల ఏమన్నా పోయాడా అని చిన్నప్పుడు ఎన్ని రాత్రులు అనుకుందో అవన్నీ ఒక్కసారే వచ్చి చెవిలో కూర్చున్నాయి. అడుగులు మళ్లీ దగ్గరికి వచ్చాయి. ఫోన్ గరగరమంది.

"ఇంక లైన్ల ఉన్నవా?" అంది అమ్మ.

"ఉన్న."

"పెట్టెయ్ బిడ్డా. చెప్తనంటుండు. నేనొక్కదాన్నే వింట."

ఫోన్ కట్టయింది. రైలు కదిలింది. తెల్లచొక్కా ఆయన వచ్చి కూర్చుని, సిగ్నల్ ఇచ్చిండు అని అందరికీ చెప్పాడు. ఎదుటి ఆమె పల్లీలు గుప్పెడు తీసి, అడగకుండానే నిరోషా చేతిలో పోసింది. నిరోషా వాటిని పట్టుకుని కూర్చుంది. మేడం అడిగితే ఇవాళ ఆమె దగ్గర జవాబుంది, శంకరమ్మకు ఏం కావాలో అరటిపండు ఒలిచినట్టు చెప్పగలదు. తనకు కావలసింది మాత్రం ఇప్పుడే, తాండూరులో, నల్లా పక్కన కూర్చుని నాయిన అమ్మకు చెబుతున్నాడు. నిరోషాకు జీవితంలో మొదటిసారి అమ్మ మీద అసూయ కలిగింది.